వెనక తలపు

మార్చి 3, సోమవారం

నా నంబరుకి నేనే పంపుకుంటున్నా. ఎవరూ చదవరు. చదివితే గిదివితే నేనే చదవాలి, నాకా చదవడం అంతంతమాత్రం. కాబట్టి భయం లేదు. నేను మాట్లాడతా, ఫోన్ రాసుకుంటుంది. దీనికి నాకంటే ఎక్కువ చదువొచ్చు.

చెక్కల గదిలో పొట్టు బస్తా మీద కూర్చున్నా. బయట నాన్న చిత్రిక పడుతున్నాడు. ఆ చప్పుడులో నా గొంతు వినపడదు.

ఇవ్వాళ ఓడలో ఒకటి చూశా. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఓడంటే నీళ్ళ మీద పోయేది కాదు, మా గేమ్‌లోది. చుక్కల మధ్య మూడొందల ఏళ్ళుగా పోతూనే ఉంటుంది. జనం అందులోనే పుట్టి అందులోనే పోతారు. నా పని ఆ ఓడలో తిరుగుతూ గోడల్ని గుద్దడం. ఎక్కడైనా గోడలోంచి చెయ్యి దూరిపోతే, మెట్టు మీద కాలు గాల్లో ఉంటే, ఫారంలో రాయాలి. మూడు నెలల కింద నాన్నతో ఆ ఆఫీసు తలుపు బాగుచెయ్యడానికి వెళ్ళి, ఆయన గీకుతుంటే నేను ఖాళీగా ఆడి, పది నిమిషాల్లో నేలలోంచి కిందికి పడిపోయా. అక్కడ కన్నం ఉందని ఆర్నెల్లుగా ఎవరికీ తెలీదట. ఆఫీసు నడిపే సార్ రేపట్నుంచి పనికి రమ్మన్నాడు. అయిదో క్లాసుతో ఆపేశానని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

సరే, చూసిందేంటంటే. ఓడ వెనక భాగంలో ఒక పెద్ద ఇనప తలుపుంది. పాతకాలం తలుపు, ఎడమ పక్క నా తలకాయంత కీళ్ళు. దాని వెనక ఏమీ లేదు, ఇంకా కట్టలేదు. కానీ జనం వస్తున్నారు! ఒక్కొక్కళ్ళే వచ్చి తలుపు ముందు నిలబడుతున్నారు. ఏడు లెక్కపెట్టేంతసేపు. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు. ఒక ముసలామె అయితే ఏకంగా తల ఆనించింది.

నాకు రోమాలు లేచాయి. ఇప్పటికీ కూర్చోలేదు.

మార్చి 4

ఎందుకో తెలిసింది. కోడ్ రాసే మీసాలన్న జనాన్ని అన్నాల హాలుకి పొమ్మన్నాడు. దగ్గర దారి ఆ తలుపులోంచి అని వాళ్ళ బుర్రల్లో పడింది. తలుపేమో తెరుచుకోదు. నిలబడతారు, విసిగి వేరే దారిన పోతారు. అంతే. తప్పు.

తప్పని తెలిశాక కూడా వెళ్ళి వాళ్ళ మధ్యలో నిలబడ్డా. గంట. పక్కన ముసలామె. భలే ఉంది.

తర్వాత ఫారం నింపా. ఆఫీసులో ఫోన్‌తో మాట్లాడితే అందరూ వింటారు కాబట్టి వేళ్ళతోనే కొట్టా. మూడు ముక్కలకి ఇరవై నిమిషాలు.

మార్చి 5

ఇవ్వాళ కూడా నిలబడ్డా. పని ఎగ్గొట్టి కాదు. పరీక్షిస్తున్నా.

మార్చి 7, శుక్రవారం

శుక్రవారం తప్పుల చదువు. వారం అంతా వచ్చిన ఫారాలు మీసాలన్న పైకి చదువుతాడు. నావి వచ్చినప్పుడల్లా నాకు ఎక్కడలేని దాహం వేస్తుంది.

ఇవ్వాళ చదివాడు: "వెనక తలపు తెరుచుకోవడం లేదు. జనం వచ్చి నిలబడుతున్నారు. ఏదో అనుకుని వెళ్ళిపోతున్నారు."

ఆగాడు. మళ్ళీ చదివాడు. "తలపు! తలుపు కాదట, తలపు! ఎవర్రా ఈ కవిగారు?"

హాలంతా నవ్వు. 'ల'కి కొమ్ము ఒకటి పెట్టడం మర్చిపోయా. ఒక్క కొమ్ము! నేను కూడా నవ్వా, ఎవరిదో అన్నట్టు. కథక్క ఒక్కతే నవ్వలేదు. గేమ్‌లో కథంతా రాసేది ఆవిడే. "నిజంగానే, ఎవరు రాశారిది?" అంది. నేను నీళ్ళు తాగడానికి బయటికెళ్ళా. రెండు గంటలు తాగా.

నాకేం బాధలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. సార్ ఓడలోని మతం మొత్తం తీసేస్తాడట! కథక్క ఎనిమిది నెలలు కూర్చుని రాసింది. బంగారు విగ్రహం, ఊదారంగు అంగీ వేసుకున్న పెద్దాయన, నలభై పేజీల పవిత్ర గ్రంథం. ఆడేవాళ్ళు అక్కడికి రాగానే 'దాటెయ్యి' మీట నొక్కుతున్నారు. అందరూ. నేనూ నొక్కా. ఆ రోజు అక్క నాకు బిస్కెట్లు కూడా ఇచ్చింది, అయినా నొక్కా.

"ఇరవై రెండున ప్రదర్శన. పదిహేనో తారీకుకి ఇది బతికున్నట్టు అనిపించకపోతే తీసెయ్యండి, బదులు ఇంకో తుపాకి పెడదాం" అన్నాడట సార్.

ఇప్పటికే పందొమ్మిది తుపాకులున్నాయి.

మార్చి 8

సోమవారం కథక్కకి చెప్పేస్తా. ఆ తలుపు దగ్గర వాళ్ళే అసలు మతం అని. ఒక్క ముక్క. చెప్పడం ఎంతసేపు?

మార్చి 10, సోమవారం

జ్వరం. ఆఫీసుకి పోలేదు. నాయనమ్మ నుదురు పట్టుకుని చూసి "ఇది జ్వరం కాదురా, వంక" అంది. ఆవిడకి కళ్ళు సరిగ్గా కనపడవు గానీ ఇవి కనపడతాయి.

ఇంట్లో ఉంటే నాన్న ఊరుకోడుగా. "ఆ బొమ్మల పనికి జ్వరం గానీ చెక్క పనికి జ్వరమేంటి, సంచీ మొయ్యి" అన్నాడు. కొత్తగా కట్టిన ఇంటికి తలుపు బిగించాలి.

బిగించాం. గడియ పెట్టేముందు నాన్న తలుపు మూసి, అరచెయ్యి దాని మీద పెట్టి, నిలబడ్డాడు. ఎప్పుడూ చేస్తాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఎప్పుడూ చూడలేదు. ఇవ్వాళ లెక్కపెట్టా.

ఏడు!

"ఎందుకు నాన్నా అలా?"

"సర్దుకోవాలిరా. కొత్త చెక్క, కొత్త ద్వారబంధం. తొందరపెడితే తర్వాత పట్టేస్తుంది."

"చెయ్యి పెడితే సర్దుకుంటుందా?"

కాసేపు మేకు నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "మీ తాత పెట్టేవాడు. ఆయన్ని అడిగితే, లోపలికొచ్చేవాళ్ళకి దారి చెబుతున్నా అనేవాడు. మీ పెదనాన్న పెట్టేవాడు, నడుం నొప్పికి ఆనుకుంటున్నా అనేవాడు. నాకేం తెలుసు. పెట్టకపోతే పని అయిపోయినట్టుండదు. సుత్తివ్వు."

సుత్తి బదులు ఉలి ఇచ్చానట. తిట్టాడు.

ఇదే! ఇదే అక్కకి చెప్పాల్సింది! ముందు చెయ్యి పెట్టారు. ఎందుకో తర్వాత, ఎవడికి తోచింది వాడు చెప్పుకున్నాడు. అక్క నలభై పేజీల ఎందుకులు ముందు రాసింది. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఒక్కచోటా రాయలేదు.

జ్వరం తగ్గింది.

మార్చి 11

పొద్దున వెళ్ళి చూస్తే కథక్క టేబుల్ వెనక గోడకి కాగితం అంటించి ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు. కూడబలుక్కుని చదివా. వెనక తలపు తెరుచుకోవడం లేదు.

వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయా. ఆవిడ వెనకే దిగింది.

"ఒరేయ్, ఆగు! నువ్వేనా?"

"తప్పు రాశా అక్కా. తలుపు. కొమ్ము మర్చిపోయా. నేను అయిదే చదివా. సార్‌కి చెప్పకు."

మూడు నెలల్లో ఆవిడతో ఇన్ని మాటలు అదే మొదలు.

"తలపంటే ఏంటో తెలుసా?"

"తెలీదు."

"మనసులో మెదిలే మాట. ఎవరో గుర్తొస్తే, వాళ్ళు తలపుకొచ్చారంటాం." మెట్టు మీద కూర్చుంది. "ఎనిమిది నెలలుగా నేను ఒక్క తప్పు లేకుండా రాశా. ఒక్కడూ చదవలేదు. నీ తప్పు నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. వాళ్ళు అక్కడ నిలబడి ఏమనుకుంటున్నారు?"

"నాకేం తెలుసక్కా."

"నువ్వే రాశావుగా, ఏదో అనుకుని వెళ్ళిపోతున్నారని."

నిజమే, రాశా. అప్పుడు నాన్న గురించి చెప్పా. చెయ్యి, ఏడు, తాత, పెదనాన్న నడుం. చెప్పడం మొదలెట్టాక ఆగలేదు. ఆవిడ మధ్యలో "ఉండు ఉండు" అని అరచేతి మీద రాసుకుంది, కాగితం కిందికి తేలేదని.

ఆపేశాక మెట్లు రెండేసి చొప్పున ఎక్కా. భయంతో కాదు.

మార్చి 12

ఇంటికెళ్ళి ఆలోచించుకు రమ్మంది అక్క: వచ్చేవాళ్ళలో ఎవరెలా నిలబడతారు? అందరూ ఒకేలా నిలబడితే అది మతం కాదు, కవాతు అంది.

నాయనమ్మని అడిగా. ఆవిడ దణ్ణం పెట్టుకుంటూనే కళ్ళజోడు వెతుక్కుంటోంది.

"నాయనమ్మా, దేవుడితో ఏం మాట్లాడతావు?"

"తిడతా."

"దేవుణ్ణా?"

"మరి? మోకాళ్ళు చూసుకోమన్నానా, చూసుకున్నాడా? కళ్ళజోడు ఎక్కడుందో చెప్పమంటే చెప్పడు. ముప్పై ఏళ్ళుగా తిడుతున్నా."

"మరి రోజూ ఎందుకు పెడతావు దణ్ణం?"

"పెట్టకపోతే ఎవర్ని తిట్టనురా, మీ నాన్ననా?"

కళ్ళజోడు తల మీదే ఉంది.

నేనాడిన గేముల్లో దేవుణ్ణి నమ్మేవాళ్ళు రెండే రకాలు. పిచ్చోళ్ళు, లేకపోతే చివర్లో విలన్లు. మా నాయనమ్మలాంటిది ఒక్కతీ లేదు. ఇప్పుడుంటుంది.

మార్చి 13, గురువారం

కొంప మునిగింది.

మీసాలన్న తప్పు దిద్దేశాడు! నా ఫారం చూసే దిద్దాడు. పొద్దున ఓడలోకెళ్తే తలుపు ముందు ఒక్క పురుగు లేదు. అందరూ అన్నాల హాల్లో శుభ్రంగా తింటున్నారు. ముసలామె కూడా! ఎంత కోపం వచ్చిందో.

అక్క ఆఫీసులో లేదు. నేనే వెళ్ళా మీసాలన్న దగ్గరికి. ఆయన కుర్చీ వెనక నిలబడ్డా. ఎంతసేపో తెలీదు.

"ఏంట్రా కవీ, నీడలా?"

"అన్నా... ఆ తప్పు మళ్ళీ చెయ్యవా?"

కుర్చీ గిర్రున తిప్పాడు. "పన్నెండేళ్ళ సర్వీసులో తప్పు చెయ్యమని బతిమాలినవాణ్ణి నిన్నే చూస్తున్నా."

చెప్పా. మీసం మెలేస్తూ విన్నాడు. సరేనని వాళ్ళని తలుపు దగ్గరికి పంపాడు. వచ్చారు. కానీ వరసగా, చేతులు కట్టుకుని, రేషన్ క్యూలాగా. నా మొహం చూసి "మళ్ళీ ఏమైంది?" అన్నాడు.

"చచ్చిపోయారన్నా."

"నువ్వే చెప్పు అయితే. ఒక్కొక్కడూ ఏం చెయ్యాలో."

చెప్పా! ముసలామె తల ఆనించి తిట్టాలి, మాటలు వినపడకూడదు, పెదాలు కదలాలి. ఒక చిన్నపిల్ల తలుపు తట్టి పారిపోవాలి. డ్యూటీకి ఆలస్యమైనవాడు నడుస్తూనే వేలితో తాకి పోవాలి. ఒకాయన నమ్మడు. అయినా చనిపోయిన పెళ్ళాం బతికుండగా అక్కడికొచ్చేదని, ఆవిడ సంచీ పట్టుకుని దూరంగా నిలబడి వెళ్ళాలి. ఇంకొకాయన అరచెయ్యి పెట్టి నిలబడాలి, ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉండాలి.

"ఎడమే ఎందుకు?"

"సంచీ మోసి మోసి."

మీసాలన్న కీబోర్డు మీదికి వంగాడు. కొట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఒకసారి "ఆ సంచీవాడెవడో మా బాబాయిలా ఉన్నాడ్రా" అని ముక్కు తుడుచుకున్నాడు. ఏసీకి పడదట.

మార్చి 14

నడుస్తున్నారు!! నిలబడుతున్నారు!! తిడుతోంది!!!

అక్క నలభై పేజీలు చింపలేదు. ముప్పై తొమ్మిది చింపింది. మిగిలిన పేజీలో తలుపు ఎందుకు ముఖ్యమో ఓడ జనం ఒక్కొక్కళ్ళు ఒక్కోలా చెబుతారు. బయల్దేరినవాళ్ళ ఊరు దాని వెనక ఉందని ఒకరు. చేరాల్సిన ఊరు ఉందని ఒకరు. చీపుర్ల గది అని ఒకడు. విడిపోయేటప్పుడు మాత్రం అందరూ ఒకటే అనుకుంటారు: "తలపు తెరుచుకోనీ."

కొమ్ము లేకుండానే!

రేపు సార్ చూస్తాడు. అక్క మాట్లాడుతుంది. నేను ఊరికే ఉంటా, గోడ దగ్గర.

మార్చి 15, శనివారం

అంతా చెబుతా, వరసగా. మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి ఇది.

సార్ ఆడాడు. టీ పక్కన పెట్టుకుని. తలుపు దగ్గరికొచ్చాడు, జనాన్ని చూశాడు. ముసలామె పెదాలు చూసి ముందుకి వంగాడు. తర్వాత అన్ని మీటలూ నొక్కాడు.

"తెరుచుకోదే?"

"తెరుచుకోదు సార్" అంది అక్క.

"లోపల ఏముంది?"

"అది... ఎవరికీ తెలీదు సార్."

"బాగుంది. మతం బతికింది, ఒప్పుకుంటా. కానీ తలుపు పెట్టాక తెరవాలమ్మా. చివర్లో తెరుద్దాం. లోపల రాక్షసి. చిన్నదైనా సరే. అలా అయితే ఉంచండి, లేకపోతే తీసెయ్యండి."

అక్క నా వైపు చూడలేదు. ఎనిమిది నెలలు పోట్లాడి పోట్లాడి అలిసిపోయింది పాపం. 'సరే సార్' అనబోతోంది, నోరు ఆ ఆకారంలోకి వచ్చేసింది. మీసాలన్న నేల చూపులు. రాక్షసి వస్తే ముసలామె ఇన్నాళ్ళూ రాక్షసికి తల ఆనించినట్టు. నాన్న రాక్షసికి చెయ్యి పెట్టినట్టు. మళ్ళీ పిచ్చోళ్ళు, విలన్లు.

"వద్దు" అని వినపడింది.

అందరూ ఎవరా అని చూశారు. నేను కూడా నా వెనక చూశా. గోడే ఉంది.

సార్ కళ్ళజోడు తీశాడు. "నువ్వు మాట్లాడతావా?"

"ఎప్పుడో ఒకసారి సార్."

"ఏం వద్దు?"

"తెరవొద్దు సార్. తెరిస్తే... తెరిస్తే అది ఒట్టి తలుపైపోతుంది."

"తెరుచుకోకపోతే ఆడేవాడు తిడతాడయ్యా!"

"తిట్టనీండి సార్. మా నాయనమ్మ ముప్పై ఏళ్ళుగా తిడుతోంది. రోజూ వస్తోంది."

ఎవరూ నవ్వలేదు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సార్ చల్లారిన టీ తాగి, మొహం చిట్లించి, మళ్ళీ తెర చూశాడు. సంచీ ఆయన వచ్చి దూరంగా నిలబడి వెళ్ళిపోయాడు.

"ప్రదర్శనలో పెట్టండి" అన్నాడు. "రాక్షసిని సిద్ధంగా ఉంచండి. ఆడేవాళ్ళు తలుపు దగ్గర 'దాటెయ్యి' నొక్కారా, ఆ సాయంత్రమే తెరిచేస్తా."

బయటికొచ్చాక నీళ్ళ దగ్గరికి పరిగెత్తా. మీసాలన్న పట్టుకున్నాడు. "కవీ, నీ గొంతు ఇదా? ఇంకా సన్నగా ఉంటుందనుకున్నా."

మార్చి 18

భయం లేదు.

మార్చి 20

అస్సలు లేదు. అన్నం సయించడం లేదు, అంతే.

మార్చి 22, శనివారం

బస్సులో ఉన్నా. పక్కన నాన్న కిటికీకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అందుకే వేళ్ళతో కొడుతున్నా. తప్పులుంటే ఉండనీ.

పొద్దున హాలు నిండా జనం. మా గేమ్ ముందు మొదట కూర్చుంది ఒక పిల్ల. ఎనిమిదేళ్ళుంటాయి, ముందు పళ్ళు రెండూ లేవు. పందొమ్మిది తుపాకులూ ఏరుకుంది. కనపడిందల్లా కాల్చింది. తలుపు దగ్గరికొచ్చింది. తలుపునీ కాల్చింది!

సార్ వెనకే చేతులు కట్టుకుని ఉన్నాడు.

తూటాలకి తలుపుకేం కాలేదు. జనం కోప్పడలేదు. ముసలామె తల తిప్పి పిల్ల వైపు ఒకసారి చూసి, మళ్ళీ తల ఆనించి తిట్టుకోవడం మొదలెట్టింది. అంతే.

పిల్ల ఆగింది. 'దాటెయ్యి' మూలన వెలుగుతోంది. బొటనవేలు దాని మీదే ఉంది. పిల్ల తుపాకి దించింది. దించడానికి మీట ఉందని నాకే గుర్తు లేదు, ఎవరూ వాడరు. దించి, ముసలామె పక్కన వచ్చి నిలబడింది. నేను లోపల లెక్కపెట్టా. అయిదు. ఆరు. ఏడు. అందరితో పాటు వెనక్కి తిరిగింది.

"అన్నా, లేపు తెలుచుకుంతుందా?" అంది నాతో, పళ్ళు లేక.

"ఏమో."

"అయితే లేపొత్తా."

రేపు ప్రదర్శనే లేదు. ఆ మాట చెప్పలేదు నేను.

తర్వాత పన్నెండు మంది కూర్చున్నారు. ఇద్దరు నొక్కారు. పది మంది నిలబడ్డారు. ఒకడు పావుగంట నిలబడితే వెనక వరసలోవాళ్ళు లేపాల్సొచ్చింది. సార్ మీసాలన్న భుజం తట్టి "రాక్షసికి సెలవిచ్చెయ్యండి" అన్నాడు. కథక్క నా జుట్టు చెరిపేసింది. అందరి ముందూ! నేను నీళ్ళు తాగడానికి పోలేదు.

సాయంత్రం నాన్న వచ్చాడు, పని నుంచి అటే, సంచీతో. నేను రమ్మనలేదు. నాయనమ్మ పంపిందట. జనం వెనక నిలబడి తెర చూశాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డా. తలుపు ముందు ఆ మనిషి వచ్చాడు, ఎడమ భుజం దిగినవాడు. అరచెయ్యి పెట్టాడు. నిలబడ్డాడు.

నాన్న సంచీ కుడి భుజానికి మార్చుకున్నాడు.

చాలాసేపు చూశాడు. ఆ మనిషి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేదాకా చూశాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు: "చెయ్యి అక్కడ కాదురా. ఇంకాస్త పైన. కీలు దగ్గర. బరువంతా అక్కడుంటుంది."

ఇద్దరం బస్సెక్కాం. మా స్టాపు రాబోతోంది. దిగేలోపు ఆఫీసు ఫారం పంపించేస్తా. ఇప్పుడే కొట్టా, రెండు నిమిషాలే పట్టింది:

"వెనక తలపు దగ్గర నిలబడే మనిషి చెయ్యి ఇంకాస్త పైన ఉండాలి. కీలు దగ్గర. చెప్పింది మా నాన్న."